సగమే వచ్చిన ఫోటో

నేను ఐఆర్‌సీ నేర్చుకున్నది పెళ్లి ఆల్బమ్‌ల కోసం. ఇప్పుడు నా దగ్గర కంప్యూటర్ పాఠాలు చదివే పిల్లలకు ఆ పేరే తెలియదు. ఇరవై ఏళ్ల కిందటి మాట. మచిలీపట్నంలో ఒక చిన్న ఫోటో స్టూడియోలో పనిచేసేదాన్ని. డిగ్రీ అయిపోయింది, అసలు ఉద్యోగం దొరికేదాకా అనుకుని చేరాను. పెడనలో పొద్దున్నే బస్సెక్కి వచ్చి, పొద్దు గూకేలోపు ఇంటికి చేరేదాన్ని. స్టూడియో యజమాని మా చర్చివారే. చుట్టరికం లేదు కానీ చిన్నప్పటి నుంచీ మావయ్యా అనే పిలిచేదాన్ని.

మావయ్య చెయ్యి ఫిలిం మీద తిరిగిన చెయ్యి. డిజిటల్ కెమెరా కొన్నాక ఆయనకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. బజారులో మిగతా స్టూడియోలవాళ్లు ఆల్బమ్‌లలో పెళ్లికూతురిని తామరపువ్వులో కూర్చోబెడుతున్నారు, పెళ్లికొడుకు వెనక మంచుకొండలు పెడుతున్నారు. అదంతా చేసే సాఫ్ట్‌వేర్ విజయవాడలో అమ్ముతారని కనుక్కుని వచ్చి, ధర చెప్పి ఊరుకున్నాడు. నేను తెస్తానన్నాను.

"ఎక్కడ నుంచి తెస్తావమ్మా?"

"నెట్‌లో దొరుకుతుంది మావయ్యా."

అంతకు మించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

కాలేజీలో నాకు సీనియర్ ఒకామె ఐఆర్‌సీ చూపించింది. అది పాతరకం చాటింగ్. బొమ్మలుండవు. తెల్లటి కిటికీలో అక్షరాల వరసలు కింద నుంచి పైకి జరిగిపోతుంటాయి. ఒక గదిలోకి వెళ్లి కూర్చున్నట్టు ఒక చానెల్‌లో చేరాలి. అక్కడ కనిపించే పేర్లలో కొందరే మనుషులు. మిగిలినవి బాట్‌లు, అంటే అడిగితే ఫైళ్లు ఇచ్చే ప్రోగ్రాములు. ఏ బాట్ దగ్గర ఏమున్నాయో నంబర్లతో పెద్ద జాబితా ఉంటుంది. కావలసిన నంబరు కొట్టి అడిగితే, నీ ముందు ఇంతమంది ఉన్నారు ఆగమంటుంది. రెండుసార్లు అడిగితే గెంటేస్తుంది. మన వంతు వచ్చాక ఫైలు నేరుగా ఆ కంప్యూటర్‌లోంచి మన కంప్యూటర్‌లోకి దిగడం మొదలవుతుంది. కరెంటు పోతే ఆగిపోతుంది. వచ్చాక మళ్లీ వరసలో నిలబడాలి.

ఆ సాఫ్ట్‌వేర్ దిగడానికి నాలుగు రోజులు పట్టింది. దిగింది, పనిచేసింది. అందులో చేసిన మొదటి ఆల్బమ్ చూసి మావయ్య నా నెత్తి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు నాకింకా గుర్తుంది. ఆ తర్వాత ఫాంట్‌లు తెచ్చాను, ఫ్రేములు తెచ్చాను. నేను దొంగ సరుకు తెస్తున్నానని నాకు తెలుసు. కానీ ఎవరి ఇంట్లోంచో ఎత్తుకొచ్చినట్టు అనిపించేది కాదు. పెడన బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఈ బస్సులో ఇంకెవరికీ తెలియని దారి నాకొక్కదానికే తెలుసునని అనుకునేదాన్ని. ఇరవై రెండేళ్లు నాకు.

ఆ ఏడు వేసవి అయిపోతుండగా దివిసీమ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. నాగాయలంక దాటి ఇంకా కిందికి, సముద్రానికి దగ్గరలో వాళ్ల ఊరు. చేపల వేటకెళ్లే వాళ్లందరికీ గుర్తింపు కార్డులు ఇస్తారట, ఊళ్లోనే అందరికీ ఫోటోలు తీసి పెట్టాలి. ఒక మంగళవారం మావయ్యా నేనూ వెళ్లాం. అవనిగడ్డలో బస్సు మారి, చివర కొంతదూరం ఆటోలో. పంచాయతీ ఆఫీసు గోడకు నీలం గుడ్డ కట్టి, ముందు ఒక స్టూలు వేశాం. మగవాళ్లు తలలు దువ్వుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని వరసలో నిలబడ్డారు. ఒకే మంచి చొక్కా ముగ్గురు నలుగురి ఒంటి మీద మారడం చూశాను. మధ్యాహ్నానికి మావయ్యకు నడుము పట్టేసి కెమెరా నాకిచ్చాడు. మిగతావాళ్లను నేనే తీశాను. గడ్డం కొంచెం పైకెత్తండి, కళ్లు మూయకండి, అయిపోయింది లేవండి. ఎంతమందికి చెప్పానో. వాళ్లలో ఒక్క మొహం కూడా నాకు గుర్తు లేదు. ఎంత గుర్తు చేసుకున్నా రాదు.

మరునాడు ఫోటోలన్నీ స్టూడియో కంప్యూటర్‌లోకి ఎక్కించి, కెమెరా కార్డు ఖాళీ చేశాను. గురువారం గుడివాడలో పెళ్లి ఉంది, కార్డు కావాలి. వారంలో ఫోటోలు కడిగి పంపుతామని ఊరివాళ్లకు చెప్పాం.

గురువారం మావయ్య గుడివాడ వెళ్లాడు. స్టూడియోలో నేనొక్కదాన్నే. ఆ గుడివాడ పెళ్లివాళ్లు ఆల్బమ్‌లో రాజమహల్ కావాలన్నారు. చానెల్‌లో ఒక బాట్ దగ్గర ఆల్బమ్ బ్యాక్‌గ్రౌండ్‌ల కట్ట ఉందని ముందు రోజే చూసి పెట్టుకున్నాను. నా ముందు ఆరుగురు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఫైలు దిగి ఉంది.

తెరవబోతే యాంటీవైరస్ ఎర్రటి డబ్బా చూపించింది. ఈ ఫైలు ప్రమాదకరం, ఆపేయనా అని. అలాంటి డబ్బాలు అంతకు ముందూ వచ్చాయి. దొంగ సాఫ్ట్‌వేర్‌కు అవి మామూలేనని, కాసేపు యాంటీవైరస్ ఆపుకోవాలని చానెల్‌లో అందరూ అనేవారు. ఇంతకు ముందు రెండుసార్లు ఆపాను, ఏమీ కాలేదు. ఈసారి డబ్బా కొంచెం వేరుగా ఉందని గమనించాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. గమనించాను. అయినా ఆపేసి, ఫైలు తెరిచాను.

రాజమహల్ ఏదీ రాలేదు. కంప్యూటర్ నెమ్మదించింది. పది నిమిషాల తర్వాత ఒక ఫోల్డర్ తెరిస్తే ఫోటోల బొమ్మలకు బదులు ఖాళీ డబ్బాలు. ఒక్కోదాని మీద నొక్కాను. తెరుచుకోలేదు. చూస్తుండగానే పక్క ఫోల్డర్‌లో ఫైళ్లు ఒక్కొక్కటే సున్నాకు వచ్చేస్తున్నాయి. ప్లగ్ పీకేశాను. మళ్లీ పెట్టేసరికి కంప్యూటర్ లేవనే లేదు.

మావయ్య మర్నాడు పొద్దున వచ్చాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"కరెంటు పోయొచ్చింది మావయ్యా. హార్డ్ డిస్క్ కొట్టేసింది."

ఆయన కంప్యూటర్ వంక కూడా చూడలేదు. కుర్చీలో కూర్చుని తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు.

"యూపీఎస్ మార్చమని నువ్వు చెప్తానే ఉన్నావు. నేనే రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అన్నాను. తప్పు నాదేలే. నువ్వు బెంగపడకు."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోపు ఆయన, "పాత పెళ్లిళ్లన్నీ సీడీల్లో ఉన్నాయిగా. పోయిందేముంది, ఆ దివిసీమ ఫోటోలే. మంగళవారం మళ్లీ వెళ్లి తీసేద్దాం," అన్నాడు. నిజమే అనిపించింది. పోయింది ఒక రోజు పని. మనుషులు అక్కడే ఉన్నారు, నీలం గుడ్డ మన దగ్గరే ఉంది. ఒక్క రోజు ప్రయాణంతో తీరిపోయేదానికి నిజం చెప్పి ఆయన దగ్గర పరువు పోగొట్టుకోవడం ఎందుకనుకున్నాను.

ఆదివారం ఆ ఊరి పడవ ఒకటి మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసేచోట, తిరగబడింది. నలుగురు ఉన్నారు. ముగ్గురిని వేరే పడవవాళ్లు లాగారు. నాలుగో మనిషి దొరకలేదు.

ఈ సంగతి మాకు తెలిసింది బుధవారం. మంగళవారం వెళ్లాల్సింది, వాన పట్టుకుని ఆగిపోయాం. బుధవారం పదకొండింటికి ఇద్దరు స్టూడియోలోకి వచ్చారు. ఒకతనికి పాతికేళ్లుంటాయి. వెనక ఒకామె, నా వయసుదే, చంకలో ఆరునెలల పాప. ఆమె నిలబడిపోయింది. అతనే చెప్పాడు. పోయినాయన తన అన్న. ఈమె వదిన. పోలీసువాళ్లు ఫోటో అడుగుతున్నారు, ఇంట్లో ఒక్కటి కూడా లేదు. మూడేళ్ల కిందట పాకలు తగలబడినప్పుడు పెళ్లి ఫోటోలు కాలిపోయాయి.

"మొన్న మీరు తీసింది ఉంటదిగా అండి. అదొకటి పెద్దది చేసి ఇవ్వండి. తర్వాత కర్మ చేస్తే దండేయడానిక్కూడా కావాలి."

మావయ్య నా వంక చూశాడు. నేను కౌంటర్ మీద ఉన్న కత్తెర వంక చూస్తున్నాను. ఆయనే చెప్పాడు, కరెంటు పోయిందని, కంప్యూటర్ పాడైందని, ఫోటోలన్నీ పోయాయని. చేతులు జోడించాడు. అరవై ఏళ్ల మనిషి, నేను చేసినదానికి.

ఆమె పాపను ఇంకో చంకలోకి మార్చుకుంది. "మొన్నేగా తీశారు," అంది. గొంతులో కోపం లేదు. తనకేదో అర్థం కావడం లేదన్నట్టు అడిగింది. "ఇంటికొచ్చి చెప్పాడు. ఒక ఆడపిల్ల తీసింది, గడ్డం ఎత్తమంది అని."

నేను లోపలి గదిలోకి వెళ్లాను. లైట్లు, గొడుగులు పెట్టుకునే గది అది. అక్కడ గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. బయట మావయ్య వాళ్లకు టీ తెప్పిస్తున్నాడు. వాళ్లు వద్దంటున్నారు. అప్పుడే కార్డు గుర్తుకొచ్చింది. ఖాళీ చేసిన కార్డు. దాని మీదే గుడివాడ పెళ్లి తీశాం. అయినా అందులో అడుగున ఏమైనా మిగిలి ఉంటుందా?

బయటికొచ్చి, "రెండు రోజులు ఆగండి. ప్రయత్నం చేస్తాను," అన్నాను. ఊళ్లో సెల్‌ఫోన్ ఉన్న పెద్దమనిషి నంబరు రాసుకున్నాను. వాళ్లు వెళ్లిపోయారు.

స్టూడియోలో రెండో కంప్యూటర్ ఒకటి ఉండేది, పాతది, బిల్లులు కొట్టడానికి. దాంట్లోంచి మళ్లీ అదే చానెల్‌కు వెళ్లాను. వేరే దారి తెలియదు నాకు. మచిలీపట్నంలో పోయిన ఫోటోలు వెనక్కి తెచ్చేవాళ్లెవరూ లేరు, విజయవాడలో ఉన్నారో లేదో తెలియదు. నాకున్న లోకం అదొక్కటే. పోగొట్టిందీ అదే.

చానెల్‌లో ఎప్పటిలాగే వరసలు జరిగిపోతున్నాయి. ఎవరో సినిమా అడుగుతున్నారు, ఎవరో ఆట అడుగుతున్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. కెమెరా కార్డులో చెరిపేసిన ఫోటో కావాలి, ఒక మనిషి చనిపోయాడు, ఆయన ఫోటో. ఒకరు నవ్వు గుర్తు పెట్టారు. ఇంకొకరు జాబితా చూసుకోమన్నారు. కాసేపటికి ఒకరు నాతో విడిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మగో ఆడో తెలియదు. ఏ దేశమో తెలియదు. పేరు చోట కొన్ని అక్షరాలు, అంతే. చానెల్ చూసుకునేవాళ్లలో ఒకరు.

కార్డు మీద చెరిపేశాక ఇంకేమైనా తీశారా అని అడిగారు. పెళ్లి తీశామన్నాను. తర్వాత, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, ముందు ఆ కార్డు కెమెరాలోంచి తీసెయ్, ఇక దాని మీద ఒక్క ఫోటో కూడా తియ్యొద్దు అన్నారు. ఒక బాట్ పేరు, నంబరు ఇచ్చారు. అందులో చెరిపిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాము ఉందట.

నేను అడిగాను, ఇందులోనూ వైరస్ ఉంటుందా అని. గురువారం జరిగింది అప్పుడే రాశాను. మావయ్యకు చెప్పని మాట, ఇంట్లో చెప్పని మాట, ఆ ముక్కూమొహం తెలియని మనిషికి వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం రాసేశాను. ఎర్రటి డబ్బా సంగతి కూడా.

జవాబు వచ్చింది. "ఆ కట్ట మా చానెల్‌లోదే. నిన్ననే తీసేశాం. ఇందులో ఉండదని మాటివ్వలేను. నేను వాడాను, నాకేమీ కాలేదు. నువ్వే నిర్ణయించుకో."

ఓదార్పు లేదు, తిట్టు లేదు. పెళ్లి ఫోటోలు ముందు మూడు సీడీల మీదికి ఎక్కించి, నెట్ తీగ పీకి, ప్రోగ్రాము నడిపాను. యాంటీవైరస్ ఏమీ అనలేదు. కార్డు మొత్తం వెతకడానికి మూడు గంటలు పట్టింది. ఒక్కోటీ నంబరుతో బయటపడుతున్నాయి. పెళ్లికూతురు, తలంబ్రాలు, భోజనాల బంతి, మధ్యలో ఉన్నట్టుండి నీలం గుడ్డ ముందు ఒక మొహం. దివిసీమ మొహాలు పూర్తిగా వచ్చినవి పదకొండు. సగం సగం వచ్చినవి కొన్ని. పై భాగం ఉంటుంది, కిందంతా బూడిదరంగు పలక.

అందులో ఆయన ఎవరో నాకు తెలియదు. తీసింది నేనే.

మర్నాడు ఫోన్ చేస్తే తమ్ముడు వచ్చాడు. పదకొండు మందినీ చూపించాను. ఒక్కొక్కరినీ చూసి, ఇతను బతికే ఉన్నాడు, ఇతనూ ఉన్నాడు అంటూ పోయాడు. సగం మొహాల్లో నాలుగోది తెర మీదికి రాగానే స్టూలు మీంచి లేచాడు.

"మా అన్నయ్యేనండి."

దువ్విన జుట్టు, నుదురు, రెండు కళ్లు, ముక్కు, మీసం. మీసం కింద ఏమీ లేదు. కెమెరా వంక కొంచెం భయంగా చూస్తున్నాడు.

ఏం చేద్దామన్నది మావయ్య చెప్పాడు. తమ్ముణ్ణి తేరిపార చూసి, "మీరిద్దరూ ఒకే పోలికా బాబూ?" అని అడిగాడు. అందరూ అదే అంటారన్నాడు అతను. మావయ్య నీలం గుడ్డ కట్టాడు. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం ఎత్తమని నేనే చెప్పాను. సీడీలో దాచిన సాఫ్ట్‌వేర్‌ను పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, తీసిన ఫోటోలోంచి పెదవులు, గడ్డం, మెడ కోసి అన్న మొహానికి అతికించాను. రంగు కలిపాను, అంచులు మెత్తగా చేశాను. సాయంత్రానికి మొహం పూర్తయింది. నా పనిలో అంత బాగా కుదిరింది అంతకు ముందు లేదు. మావయ్య అద్దాల్లోంచి చూసి, తెలియడం లేదమ్మా అన్నాడు.

ఆ సాయంత్రమే చానెల్‌లో ఆ మనిషి అడిగారు, దొరికిందా అని. సగం దొరికిందన్నాను. మిగతా సగం ఏం చేశావు అన్నారు. చెప్పాను. "వాళ్లకు తెలుసా?" అని రాశారు. తమ్ముడికి తెలుసు అన్నాను. నేను చానెల్‌లోంచి బయటికొచ్చాను. మళ్లీ వెళ్లలేదు. ఎన్నో ఏళ్లకు ఒకసారి ఉండబట్టలేక చూశాను. చానెల్ ఉంది, లోపల ఎవరూ లేరు.

ఫోటో ఫ్రేము కట్టించి మేమిద్దరమే తీసుకెళ్లాం. ఇంట్లో ముసలామె, పోయినాయన తల్లి, ఫ్రేము తీసుకుని గుండెలకు అదుముకుని ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్లు ఏడ్చారు. ఫ్రేము చేతులు మారి భార్య దగ్గరికి వచ్చింది. ఆమె చూస్తూ ఉండిపోయింది. వేలు పెట్టి కింది పెదవి పక్కన తాకింది.

"ఇక్కడ మచ్చ ఉండాలి."

తమ్ముడు తల దించుకున్నాడు. మావయ్య ఏదో అనబోయాడు. నేనే ముందు మాట్లాడాను.

"ఫోటోల్లో మచ్చలు తీసేస్తామండి. బావుంటదని."

"ఎందుకు తీశారు?" అంది ఆమె.

మచ్చ చెరిపింది మేమే అనుకుని అడిగింది. ఎవరో పిలిస్తే లేచి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, పోన్లే, ఏదో ఒకటి ఇచ్చాం అన్నాడు. నేను తల ఊపాను.

ఆ ఏడాది చివర్లో స్టూడియో మానేశాను. తర్వాత ఎమ్‌సీఏ చదివాను, పెళ్లయింది, గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో చేరాను. కంప్యూటర్ మార్చినప్పుడల్లా స్టూడియో నుంచి సీడీలో తెచ్చుకున్న పాత ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించేదాన్ని. వాటిలో ఆ సగం మొహం కూడా ఉండేది. చెరపలేదు, తెరవలేదు. పిల్లలకు యాంటీవైరస్ గురించి చెప్పే పాఠం వచ్చిన రోజు నా గొంతు మామూలుగానే ఉండేది. అదే నాకు భయంగా ఉండేది.

రెండేళ్ల కిందట మావయ్యకు జబ్బు చేసిందని తెలిసి చూడటానికి వెళ్లాను. చిలకలపూడిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. మనిషి సగమయ్యాడు కానీ మాట స్పష్టంగా ఉంది. కూతురు లోపలికి వెళ్లినప్పుడు చెప్పాను. కరెంటు కాదు మావయ్యా, యూపీఎస్ కాదు, నేనే అని. మొత్తం చెప్పాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఆ యూపీఎస్ అప్పుడే ఎందుకు మార్చలేదా అని చాలాకాలం అనుకున్నానమ్మా," అన్నాడు. నన్ను తిట్టలేదు, పర్లేదనీ అనలేదు. తర్వాత అడిగాడు. "ఆ దివిసీమ పిల్లకు చెప్పావా?"

లేదన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరో నెలకు పోయాడు.

పోయిన ఏడాది కార్తీకంలో మా కాలేజీలో తోటి లెక్చరర్లు మోపిదేవి వెళ్తుంటే వాళ్ల కారులో అక్కడిదాకా వెళ్లాను. వాళ్లు గుడికి వెళ్లారు. నాకు దివిసీమలో తెలిసినవాళ్లున్నారని చెప్పి ఆటో మాట్లాడుకున్నాను. సగం ఫోటో ప్రింటు తీసి కవరులో పెట్టుకున్నాను.

పాకలు పోయి శ్లాబు ఇళ్లు వచ్చాయి. ఆమె ఎండుచేపల వ్యాపారం చేస్తోంది. ఇంటి ముందు టార్పాలిన్ మీద చేపలు తిరగేస్తూ ఉంది. ఎవరో చెబితే గుర్తుపట్టింది. "స్టూడియో అమ్మాయిగారు కదూ," అని లోపల కుర్చీ వేసింది. ముందు గదిలో గోడకు ఆ ఫోటో ఉంది. ప్లాస్టిక్ పూలదండ వేసి ఉంది. రంగు వెలిసింది కానీ అతుకు కనబడటం లేదు. లోపలి నుంచి ఒక అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. అవనిగడ్డలో డిగ్రీ చదువుతోందట. ఆ రోజు చంకలో ఉన్న పాప.

"మా నాన్న ఫోటో తీసింది మీరేనా అండీ?" అని అడిగింది. అవునన్నాను. "అందరూ నా గడ్డం నాన్నదే అంటారు," అంది నవ్వుతూ.

నేను తల్లి వంక చూశాను. ఆమె నా వంకే చూస్తోంది. "నువ్వెళ్లి ఆ చేపలు చూసుకో, కాకులొస్తాయి," అని కూతురిని బయటికి పంపింది.

చెప్పాను. కుర్చీలోంచి దిగి ఆమె పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. కంప్యూటర్ మాటలు ఆమెకు అర్థమయ్యేలా చెప్పడం కష్టమైంది. వద్దని హెచ్చరిక వచ్చినా తెరిచానని, అందుకే అందరి ఫోటోలు పోయాయని, కరెంటు వల్ల కాదని చెప్పాను. గడ్డం సంగతి చెప్పాను.

"గడ్డం సంగతి నాకప్పుడే తెలుసు," అంది. "అది మా మరిదిది. రోజూ కళ్లెదురుగా తిరిగే మనిషి, తెలీదా? అత్త ఏడుస్తోందని ఊరుకున్నా." గుమ్మంలోంచి కూతురి వంక చూసింది. "మిగతాది తెలీదు."

"క్షమించమని అడగడానికి కూడా నాకు..."

"అప్పుడు చెప్తే నాలుగు తిట్టేదాన్ని. వయసులో ఉన్నా, ఓపికుంది. ఇప్పుడెందుకొచ్చారు?" గొంతు పెంచలేదు. బయట కూతురికి వినబడకూడదని. "ఇన్నేళ్లు మీరు మోశారు. ఇప్పుడు దింపి నా దగ్గర పెట్టి పోతారు. నా పిల్లకు నేను చెప్పాలా, వద్దా? వాళ్ల నాన్న నోరు వాళ్ల నాన్నది కాదని చెప్పనా?"

నేను తల వంచుకున్నాను. చేతిలో కవరు ఉంది. ఇవ్వాలో వద్దో తెలియలేదు. ఆమే చూసి, ఏంటది అంది. ఇచ్చాను.

ప్రింటు బయటికి తీసి వెలుతురులో పట్టుకుంది. పై సగం మొహం, కింద బూడిదరంగు. అరచేత్తో ఆ బూడిదరంగును మూసింది. కళ్లూ ముక్కూ మీసమూ మాత్రం మిగిలాయి. అలా చాలాసేపు చూసింది. చూస్తుండగానే కళ్లలోంచి నీళ్లు కారాయి, తుడుచుకోలేదు.

"ఇది ఆయనే," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఇది ఇన్నాళ్లూ మీ దగ్గరుందా?"

ఉందన్నాను.

"మరి నాకు అది ఇచ్చి, ఇది మీరుంచుకున్నారా?"

ఆ మాట ఇరవై ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఫైలు తెరవడం గురించి ఆలోచించాను, అబద్ధం గురించి, మావయ్య చేతులు జోడించడం గురించి ఆలోచించాను. ఆమెకు చెందినది నా కంప్యూటర్‌లో దాచుకున్నానని మాత్రం అనుకోలేదు. సగం మొహం ఎవరికి పనికొస్తుందనుకున్నాను. ఆమెను అడగలేదు.

ఆమె లేచి, ప్రింటు లోపలి గదిలోకి తీసుకెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. మళ్లీ బయటికి రాలేదు. నేను కాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత చెప్పులు వేసుకున్నాను.

కూతురు ఆటోదాకా వచ్చింది. "అమ్మ ఎందుకేడుస్తోందండీ?"

"పాత ఫోటో ఒకటి చూసింది," అన్నాను.

"ఏ ఫోటో?"

"అమ్మనే అడుగమ్మా," అని ఆటో ఎక్కాను. ఆ అమ్మాయి అడిగిందో లేదో, ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. నా నంబరు కవరు వెనక రాసి ఉంది. ఇప్పటిదాకా ఫోన్ రాలేదు. నేనూ మళ్లీ వెళ్లలేదు. ఇంటికి వచ్చాక ఆ ఫైలు నా కంప్యూటర్‌లోంచి తీసేశాను. తీసేయడం కూడా తప్పేమోనని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ కాగితం చెమ్మకు పాడైతే ఇంకొకటి తీసివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.